రేకు నేర్పు పాఠము

అమెరికాలో అనేక కుటుంబములు సెలవు దినములందు కారు వెనుక ఒక చిన్న ఇంటిని తగిలించుకొని అడవులకును, కొండలకును విడిదికి పోవుదురు. ఆ చక్రముల ఇంటిని ట్రెయిలర్ అందురు. పడకలు, పొయ్యి, అలమరలు అన్నియు అందే ఇమిడి యుండును.

1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ మహాసముద్రమును దాటిన విమానపు నిర్మాణమున పాల్గొన్న హాలీ బౌలస్, 1934లో విమానమును పోలిన అల్యూమినియం ట్రెయిలర్‌ను నిర్మించెను. 1936లో వాలీ బయాం ఇంచుమించు ఆ రూపముననే 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్'ను వెలువరించెను. అల్యూమినియం బరువు ఇనుము బరువులో మూడవ వంతు మాత్రమే. కావున బండి తేలికగా నడచును.

అట్టి పాత బండ్లను బాగుచేయువారు నేటికిని కలరు. వారు మొదట చూచునది పైమెరుగు కాదు. అతుకులనుండి ఏండ్ల తరబడి కారిన నీటివలన లోపలి చెక్కనేల కుళ్లును. క్రింది ఉక్కుచట్రము తుప్పుపట్టును. దానిని చక్కచేయక మెరుగుపెట్టిన బండి దారిలోనే విరిగిపోవచ్చును.

పిమ్మట రేకుపని. కాగితమును గొట్టముగా చుట్టుట సులభము. కొబ్బరిచిప్పవలె వంచబోయిన ముడుతలు పడును. రేకును అంతే. కనుక ఇసుకసంచిపై నుంచి కొయ్యసుత్తితో కొట్టి, నడిమి భాగమును పలుచన చేసి సాగదీయవలెను. తరువాత రెండు ఉక్కుచక్రముల నడుమ ముందువెనుకలకు నడిపి సొట్టలను నునుపు చేయుదురు.

కొట్టినకొలది రేకు గట్టిపడును. ఇంకను కొట్టిన పగులును. అప్పుడు దానిని కాచి మెత్తపరుపవలెను. తెలుగునాటి కంచరులు రాగిరేకును నడుమ నడుమ కాల్చుటకు కారణ మిదియే. కాని కాగిన ఇనుమువలె అల్యూమినియం ఎఱ్ఱబడి హెచ్చరింపదు. 660 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఉన్నట్లుండి కరగిపోవును. అందుచే రేకుపై సబ్బుతో గీత గీసి, అది నల్లబడగనే మంటను తొలగింతురు.

రేకులను రివెట్లతో బిగించుటకు ఇద్దరు కావలెను. ఒకడు వెలుపలినుండి కొట్టును. వేరొకడు లోపల ఉక్కుదిమ్మెను అదిమి పట్టును. ఒకరి చేయి తొందరపడిన రేకు సొట్టపడును.

పాతరేకు ఒకసారి చినిగిన మరల దొరకదు. అందుచే నేర్చుకొనువారు పనికిరాని తునకలపై ఎన్నో దినములు అభ్యసింతురు. బలముగా కొట్టుట ఎవరికైనను తెలియును. ఎప్పుడు ఆపవలెనో తెలిసినవాడే పనివాడు.