తెరచాప స్తంభంలోకి నీరెలా చేరుతుంది?

హైదరాబాదులోని హుస్సేన్ సాగర్ మీద ఒక్కరే కూర్చుని నడిపే చిన్న తెరచాప పడవలను మీలో కొందరు చూసే ఉంటారు. ఈ రకం పడవల్లో బాగా ప్రసిద్ధి చెందినది 'లేజర్'. కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ దీని రూపశిల్పి. 1996లో అట్లాంటాలో జరిగిన ఒలింపిక్స్‌లో ఇది తొలిసారిగా చోటు సంపాదించుకుంది. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్ 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్స్‌లో పోటీ చేసింది కూడా ఈ తరగతి పడవ మీదనే.

ఇటువంటి పడవ బోల్తా పడటం పెద్ద విశేషమేమీ కాదు. అడుగు నుంచి పొడుచుకు వచ్చే పలక మీద నిలబడి, వెనక్కి వాలి, నావికుడు తన బరువుతోనే పడవను మళ్ళీ నిలబెడతాడు. నేర్చుకునేవారికి మొదటి రోజుల్లోనే చెప్పే పాఠమిది. అయితే ఒక్కొక్కసారి ఎంత ప్రయత్నించినా పడవ లేవదు. పైగా స్తంభం నీటిలోకి దిగిపోయి పడవ పూర్తిగా తలకిందులవుతుంది. తిరగేసిన తాబేలులా కనిపించే ఈ స్థితిలో నావికుడు త్వరగా అలసిపోతాడు. తాళ్ళలో చిక్కుకుంటే ప్రాణానికే ముప్పు. దీనికి ఒక ముఖ్య కారణం బోలు స్తంభంలోకి చేరిన నీరు.

గాలి ఉంటే తేలుతుంది, నీరుంటే మునుగుతుంది

చిన్న పడవల స్తంభాలను తరచుగా అల్యూమినియం గొట్టాలతో చేస్తారు. ఉదాహరణకు 6 మీటర్ల పొడవు, 64 మి.మీ. బయటి వ్యాసం, 2 మి.మీ. మందం గల గొట్టాన్ని తీసుకుందాం. ఇందులోని లోహం బరువు సుమారు 6.3 కి.గ్రా. రెండు చివరలూ మూసి నీటిలో ముంచితే ఇది 19 లీటర్లకు పైగా నీటిని తొలగిస్తుంది. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం దీనిపై 19 కి.గ్రా. బరువుకు సమానమైన ఉత్ప్లవన బలం పనిచేస్తుంది. లోహం బరువు పోగా ఇంకా 13 కి.గ్రా. బలం స్తంభాన్ని పైకి నెడుతూ ఉంటుంది. పడవ తలకిందులు కాకుండా కాపాడేది ఈ బలమే.

అదే గొట్టం నిండా నీరు చేరితే? ఇప్పుడు నీటిని తొలగించేది లోహం మాత్రమే, అది సుమారు 2.3 లీటర్లు. అంటే 6.3 కి.గ్రా. లోహానికి 2.3 కి.గ్రా. ఊతం మాత్రమే దొరుకుతుంది. స్తంభం మునిగిపోక తప్పదు.

ఇక పైకి లేపే సంగతి చూడండి. లోపలి 17 లీటర్ల నీరు, స్తంభం నీటిలో ఉన్నంతసేపూ అదనపు బరువు కాదు. నీటి మట్టం దాటి పైకి వచ్చిన క్షణం నుంచి అది 17 కి.గ్రా. బరువే. స్తంభం మధ్యబిందువు పడవకు 3 మీటర్ల దూరంలో ఉంటుంది కనుక లోహం, నీరు కలిసి 23 కి.గ్రా. బరువు కలిగించే భ్రామకం 23 × 3, అంటే సుమారు 70 యూనిట్లు. పలక చివర ఒక మీటరు దూరంలో నిలబడిన 70 కి.గ్రా. మనిషి కలిగించే భ్రామకమూ 70 యూనిట్లే. త్రాసు రెండు పళ్ళేలూ సమానమయ్యాయి. పడవ లేవదు! తడిసిన తెరచాప బరువును మనం ఇంకా లెక్కలోకి తీసుకోనేలేదు.

సూది బెజ్జం చాలు

స్తంభానికి కొక్కేలూ, పట్టీలూ బిగించడానికి రివెట్లు కొడతారు. ప్రతి రివెట్టూ ఒక రంధ్రమే. చివరల్లో బిగించిన బిరడాలు కూడా కాలక్రమేణా వదులవుతాయి. కానీ అంత చిన్న సందు గుండా లీటర్ల కొద్దీ నీరు ఎలా చేరుతుంది?

ఇక్కడ ఎండ ఒక పంపులా పనిచేస్తుంది. ఒడ్డున ఎండలో ఉన్న స్తంభంలోని గాలి 50 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కిందనుకోండి. వ్యాకోచించిన గాలిలో కొంత ఆ సందుల గుండా బయటకు పోతుంది. తర్వాత పడవ బోల్తా పడి స్తంభం 25 డిగ్రీల నీటిలో మునిగింది. పరమ ఉష్ణోగ్రతలో చెప్పాలంటే 323 కెల్విన్‌ల నుంచి 298 కెల్విన్‌లకు చల్లబడింది. లోపలి పీడనం దాదాపు 8 శాతం తగ్గుతుంది. ఇది సుమారు 80 సెం.మీ. ఎత్తున్న నీటి స్తంభం పీడనానికి సమానం. సందు నీటిలోనే ఉంటే, పీడనాలు సమానమయ్యేలోగా లీటరుకు పైగా నీటిని స్తంభం లోపలికి పీల్చుకోగలదు.

సందు ఎక్కడ?

స్తంభాన్ని విప్పి, అటూ ఇటూ వంచి చెవి దగ్గర పెట్టుకుంటే నీటి చప్పుడు వినిపిస్తుంది. సందును పట్టుకోవడానికి సైకిల్ షాపులో ట్యూబు పంక్చరును వెతికే పద్ధతే ఉపయోగపడుతుంది. ఉదయాన్నే నీడలో ఉన్న స్తంభం రివెట్లకూ, బిరడాల అంచులకూ చిక్కటి సబ్బు నీరు పూసి ఎండలో పెట్టండి. లోపలి గాలి వేడెక్కి బయటకు వచ్చే చోట బుడగలు లేస్తాయి. కంప్రెసరుతో మాత్రం గాలి నింపకూడదు. లోపలి పీడనం బయటికంటే ఒక్క అట్మాస్ఫియర్ ఎక్కువైనా, 60 మి.మీ. వ్యాసం గల బిరడా మీద 29 కి.గ్రా. బరువుకు సమానమైన బలం పడుతుంది. అది ఊడి ఎగిరితే గాయం తప్పదు.

మరమ్మతు

ముందుగా నీటినంతా వంపేసి, సముద్రంలో తిరిగిన పడవ అయితే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. వదులైన రివెట్లను డ్రిల్లుతో తొలగించి, పాత జిగురును గీకివేసి, చుట్టూ ఉన్న తెల్లటి పొడిని గరుకు కాగితంతో రుద్దాలి. ఈ తెల్ల పొడి అల్యూమినియం క్షయం వల్ల ఏర్పడినది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఉప్పునీటిలో తాకి ఉంటే ఒక చిన్న విద్యుత్ ఘటం తయారవుతుంది. అందులో అల్యూమినియం ఆనోడ్ అయి కరిగిపోతుంది. అందువల్ల రంధ్రం పెద్దదవుతూ పోతుంది. స్టీలు రివెట్టు వాడక తప్పని చోట రెండు లోహాలూ తాకకుండా మధ్యలో నిరోధక పూత వేస్తారు.

సాధారణ పాప్ రివెట్టు నడుమ రంధ్రం ఉంటుంది. దానిలోని మేకు ఊడిపోతే నీటికి దారి ఏర్పడినట్లే. కనుక చివర మూసి ఉండే రకం రివెట్లు మేలు. వాటిని కూడా సీలెంటులో ముంచి బిగించాలి.

సీలెంటు ఎంపికలోనూ రసాయన శాస్త్రం ఉంది. కొన్ని సిలికోన్ సీలెంట్లు గట్టిపడేటప్పుడు వెనిగర్ వాసన వేస్తాయి. అవి విడుదల చేసేది ఎసిటిక్ ఆమ్లం. అది అల్యూమినియానికి హాని చేస్తుంది. తటస్థ రకం సిలికోన్ లేదా పాలీయూరిథేన్ సీలెంటు వాడటం మంచిది. ఇవి గాలిలోని తేమతో చర్య జరిపి పైపొర నుంచి లోపలికి క్రమంగా గట్టిపడతాయి. పైన ఆరిందని వెంటనే నీటిలో దించకూడదు. తయారీదారు చెప్పిన గడువు పూర్తయ్యాక సబ్బు నీటి పరీక్షను మళ్ళీ చేయాలి.

వెదురు చెప్పే పాఠం

సీలెంటు ఎంత మంచిదైనా ఏదో ఒక రోజు పగులుతుంది. అప్పుడు కూడా స్తంభం నిండా నీరు చేరకుండా ఉండాలంటే ఏం చేయాలి? వెదురు బొంగును చూడండి. కణుపు కణుపుకూ లోపల ఒక అడ్డుగోడ ఉంటుంది. ఒక గదికి చిల్లు పడితే ఆ గదిలోకి మాత్రమే నీరు చేరుతుంది, మిగిలినవి పొడిగానే ఉంటాయి. స్తంభం లోపల నీరు పీల్చని నురుగు దిమ్మెలను బిగుతుగా అమర్చితే అవే కణుపుల్లా పనిచేస్తాయి. దిమ్మె ఉన్న చోట నీటికి తావే ఉండదు. పెద్ద ఓడల అడుగు భాగాన్ని గదులు గదులుగా విభజించడంలోనూ ఇదే సూత్రం ఇమిడి ఉంది.

ఒక చిన్న రివెట్టు వెనుక ఆర్కిమిడీస్ సూత్రం, వాయు నియమాలు, భ్రామకాలు, విద్యుత్ ఘటం అన్నీ ఉన్నాయి. ఈసారి తెరచాప పడవ ఎక్కే అవకాశం మీకు వస్తే, గాలి ఎటు వీస్తోందో చూసే ముందు స్తంభాన్ని ఒకసారి వంచి, లోపల నీటి చప్పుడు వినిపిస్తుందేమో చూడండి.