4.6 డెస్క్‌టాప్ కంప్యూటర్ ప్రారంభం కాకపోతే

పవర్ బటన్ నొక్కినా కంప్యూటర్ ప్రారంభం కాకపోతే భాగాలు మార్చడానికి తొందరపడకండి. లోపం ఏ దశలో ఉందో ముందుగా గుర్తించాలి.

(అ) విద్యుత్ దశ: లైటు వెలగక, ఫ్యాన్ తిరగకపోతే కరెంటు అందడం లేదని భావించవచ్చు. అదే సాకెట్‌లో మరో పరికరం పెట్టి చూడండి. తరువాత యూపీఎస్, పవర్ కేబుల్, క్యాబినెట్ వెనుక ఉండే స్విచ్ పరీక్షించండి. అన్నీ సరిగా ఉంటే, 230 వోల్టుల ఏ.సి.ని 12, 5, 3.3 వోల్టుల డి.సి.గా మార్చే ఎస్.ఎం.పి.ఎస్.ను అనుమానించాలి.

(ఆ) స్వయం పరీక్ష దశ: ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే మొదట మానిటర్ కేబుల్ చూడండి. బీప్ శబ్దాలు వస్తుంటే, తరచుగా ర్యామ్ సరిగా కూర్చోకపోవడమే కారణం. ప్లగ్ తీసి, ర్యామ్‌ను ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి, తిరిగి గట్టిగా అమర్చండి.

(ఇ) బూట్ దశ: బూట్ డివైస్ దొరకలేదన్న సందేశం వస్తే పెన్‌డ్రైవ్ తీసివేసి, హార్డ్‌డిస్క్ కేబుళ్లు సరిచూడండి.

గమనిక: ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఎన్నడూ విప్పవద్దు. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మొదటి రెండు దశల్లోని లోపాల వల్ల హార్డ్‌డిస్క్‌లోని మీ ప్రాజెక్టు ఫైళ్లు సాధారణంగా చెడిపోవు. కాబట్టి మెకానిక్ ఫార్మాట్ చేయాలంటే, ముందుగా ఫైళ్లను కాపీ చేయించుకోండి.