దిగేటప్పుడే ఆటోపైలట్ ఎందుకు తడబడుతుంది?

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి మా విజయనగరం వైపు విమానాల ముచ్చట ఎక్కువైంది. కొత్తవలస జంక్షన్‌లో బండి కోసం నిలబడ్డ కుర్రాళ్లు సైతం విశాఖలో దిగబోయే విమానాన్ని చూపించి అడుగుతారు: "దానంతటదే దిగిపోద్దంట గదా, మరి ఆటోపైలట్ తప్పుచేసిందంటారేటి?" మంచి ప్రశ్న. తొందరపడకుండా చెప్పుకోవాలి.

ముందు ఎలా దిగుతుందో చూద్దాం. రన్‌వే దగ్గర పెట్టిన యాంటెన్నాలు విమానానికి రెండు రేడియో దారులు చూపిస్తాయి. లోకలైజర్ అనేది రన్‌వే నడిగీతకు నువ్వు ఎడమనున్నావా కుడినున్నావా అన్నది చెబుతుంది. గ్లైడ్‌స్లోప్ అనేది వాలుకు పైనున్నావా కిందనున్నావా అన్నది చెబుతుంది. ఈ రెండిటినీ కలిపి ఐఎల్ఎస్ అంటారు. వాలు మామూలుగా 3 డిగ్రీలు. కిలోమీటరు ముందుకొస్తే 50 మీటర్ల చిల్లర కిందికి దిగాలన్నమాట. ఆటోపైలట్ ఈ దారిని పట్టుకుని విమానం ముక్కునూ రెక్కలనూ సర్దుతూ వస్తుంది. ఇంజన్ల బలం చూసుకునేది మాత్రం వేరే యంత్రం, దాని పేరు ఆటోథ్రాటిల్. కింద నేల ఎంత దూరంలో ఉందో చెప్పేది ఇంకొకటి, రేడియో ఆల్టిమీటర్. అది నేలకేసి తరంగం పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి ఎత్తు లెక్క కడుతుంది. ఇలా ఒకదాని మాట ఇంకొకటి నమ్ముతూ అన్నీ కలిసి విమానాన్ని దించుతాయి. చిక్కు వచ్చేది ఆ నమ్మకంలోనే.

2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగబోతున్న టర్కిష్ ఎయిర్‌లైన్స్ 737 సంగతి చూడండి. విమానం దాదాపు 1950 అడుగుల ఎత్తులో ఉండగా ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ సున్నాకు కింద 8 అడుగులని చూపించింది. ఆటోథ్రాటిల్ ఆ మాటే నమ్మి, చక్రాలు నేలను తాకబోతున్నాయనుకుని ఇంజన్ల బలం తగ్గించేసింది. ఆటోపైలట్ కుడివైపు ఆల్టిమీటర్‌ను నమ్ముతోంది, అది సరిగానే ఉంది. అందుకని వాలు తప్పకుండా ముక్కు పైకెత్తుతూ పోయింది. బలం లేని విమానం ముక్కెత్తితే వేగం పడిపోతుంది. మరి పైలట్లు ఎందుకు గమనించలేదు? విమానం వాలుకు పైనుంచి కిందికి వస్తోంది కనుక, ఆ కాసేపు ఇంజన్లు నెమ్మదించడం సహజంగానే కనిపించింది. పడిపోబోతున్నామన్న హెచ్చరిక మోగేసరికి 460 అడుగులే మిగిలాయి. విమానంలో ఉన్న 135 మందిలో 9 మంది పోయారు, వాళ్లలో ముగ్గురు పైలట్లే.

2022 జనవరిలో ఎయిర్ ఇండియా అమెరికా విమానాలు కొన్ని రద్దయి మన తెలుగువాళ్లు ఎందరో చిక్కుకుపోయింది కూడా ఈ రేడియో ఆల్టిమీటర్ భయంతోనే. 5జీ టవర్ల తరంగాలు దాని లెక్క చెడగొడతాయేమోనని అనుమానించారు. ఆమ్‌స్టర్‌డామ్ తెలిసినవాళ్లకు అది అతి జాగ్రత్త అనిపించదు.

మనకు దగ్గరి గాయం బెంగళూరుది. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది పోయారు. మిట్టమధ్యాహ్నం, రన్‌వే కళ్లముందే ఉంది. ఆటోపైలట్ అప్పటికే తీసేసి చేత్తో నడుపుతున్నారు. ఇంజన్లు మాత్రం ఇంకా యంత్రం అధీనంలోనే, 'ఐడిల్ ఓపెన్ డిసెంట్' అనే పద్ధతిలో ఉండిపోయాయి. ఆ పద్ధతిలో ఇంజన్లు కనీస బలంతోనే తిరుగుతాయి. వేగాన్ని యంత్రం కాస్తోందని మనిషి అనుకుంటే, యంత్రం ఆ పని మనిషికి వదిలేసి ఉంది. తెలిసి బలం పెంచేసరికి ఆలస్యమైంది. కనీస బలంలో ఉన్న జెట్ ఇంజన్ పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అక్కడ ఆ సెకన్లే లేవు. యంత్రం పూర్తిగా ఆగిపోతే మనిషికి తెలుస్తుంది. సగం పని చేస్తూ, ఏ సగమో చెప్పనప్పుడే నాకు ఎక్కువ భయం.

ఒక్కోసారి దారే తప్పుగా ఉంటుంది. 2011 నవంబర్ 3న మ్యూనిక్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 777 ఆటోపైలట్‌తో దిగుతుండగా, అదే రన్‌వే నుంచి లేచిన ఇంకో విమానం లోకలైజర్ తరంగాలకు అడ్డొచ్చింది. వంకరపోయిన దారినే నమ్మి విమానం గడ్డిలోకి వెళ్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పొగమంచు రోజుల్లో ఆ యాంటెన్నాల దరిదాపులకు ఎవరినీ రానివ్వకుండా కాస్తారు. ఆరోజు అంత మంచు లేదు, అందుకని ఆ కాపలా కూడా లేదు.

యంత్రమే దించడం కొత్తేం కాదు, ప్రయాణికులతో ఉన్న ట్రైడెంట్ విమానాన్ని 1965 జూన్‌లోనే అలా దించారు. అయినా ఇవాళ్టికీ ఎక్కువ విమానాలను పైలట్లే చేత్తో దించుతున్నారు. నేలమీద మేలైన ఐఎల్ఎస్, లైట్లు, శిక్షణ పొందిన పైలట్లు, గాలి హద్దు దాటకపోవడం, ఇవన్నీ కుదిరితేనే యంత్రానికి వదులుతారు. సాధారణ ఐఎల్ఎస్ ఉన్నచోట 200 అడుగుల ఎత్తుకొచ్చేసరికి రన్‌వే కంటికి కనబడి తీరాలి.

మరి యంత్రం మాట అనుమానంగా ఉంటే ఏం చెయ్యాలి? కొత్తవలసవాళ్లకు ఇది చేదుగా తెలిసిన సంగతి. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి, అలమండల మధ్య రాయగడ ప్యాసింజర్ వెనకనుంచి వచ్చి పలాస ప్యాసింజర్‌ను గుద్దింది. చెడిపోయిన ఆటోమేటిక్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, గంటకు 10 కిలోమీటర్లతోనే కదలాలన్న నియమం పాటించలేదని ప్రాథమిక విచారణలో చెప్పారు. రైలుకు ఆగే వీలుంది. గాల్లో ఉన్నదానికి ఆ వీలు లేదు గనక పైకి లేవమన్నారు, దాన్నే గో-అరౌండ్ అంటారు. సాధారణంగా 1000 అడుగుల దగ్గరికొచ్చేసరికి వేగం, వాలు, చక్రాలు, అన్నీ కుదురుకోవాలి. లేదంటే మళ్లీ ఎక్కి, చుట్టి రావాలి. విశాఖలో దిగబోతూ మీ విమానం గర్జించి పైకి లేస్తే ఆ పైలట్ పని సరిగ్గా చేస్తున్నట్టే.

ఆమ్‌స్టర్‌డామ్ విమానం 1000 అడుగుల దగ్గర ఇంకా కుదురుకోలేదు. అక్కడే పైకి లేవాల్సిందని డచ్ విచారణ తేల్చింది. ఇంజన్లు రెండూ బాగానే ఉన్నాయి, బలం అడిగితే ఇచ్చేవే.