ట్రక్కు ప్రమాదంలో తప్పెవరిది? - విజ్ఞానశాస్త్రం చెప్పే సాక్ష్యం

గ్వెల్ఫ్ వాసులకు హాన్లన్ రహదారి, దాని దక్షిణాన కలిసే 401వ నంబరు హైవే నిత్యపరిచితాలు. ఆ దారిలో మన కారు బరువు ఇంచుమించు ఒకటిన్నర టన్నులు. పక్కనే సాగే సరుకుల ట్రక్కులలో కొన్నింటికి ఆంటారియోలో 63.5 టన్నుల వరకు అనుమతి ఉంది. రెండూ ఢీకొంటే ద్రవ్యవేగం ఎవరి పక్షమో వేరే చెప్పనక్కరలేదు. న్యాయం ఎవరి పక్షమో తేల్చవలసింది మాత్రం సాక్ష్యమే.

ఆంటారియోలో తప్పుతో నిమిత్తం లేకుండా వైద్య, పునరావాస ఖర్చులను సాధారణంగా మన బీమా సంస్థే చెల్లిస్తుంది. అందువల్ల తప్పు నిరూపించనక్కరలేదని చాలామంది పొరబడతారు. తీవ్రమైన, శాశ్వతమైన గాయానికి ఎదుటివారి నుండి నష్టపరిహారం కోరాలంటే వారి నిర్లక్ష్యాన్ని రుజువు చేయవలసిందే. క్రిమినల్ కేసులోవలె సందేహానికి తావులేని రుజువు ఇక్కడ అక్కరలేదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశమున్నదని చూపితే చాలును. ఇరుపక్షాలదీ తప్పయితే న్యాయస్థానం దానిని పాళ్లుగా విభజిస్తుంది.

ఇక భౌతికశాస్త్రానికి వద్దాం. బ్రేకు వేసినప్పుడు టైర్లు గీసిన నల్లని చార పొడవును బట్టి వేగాన్ని లెక్కకట్టవచ్చును. వేగవర్గం = 2 × ఘర్షణ గుణకం × గురుత్వ త్వరణం × చార పొడవు. చార 40 మీటర్లున్నదనీ, దాని చివర కారు ఆగిందనీ అనుకుందాం. పొడి రోడ్డుకు ఘర్షణ గుణకం 0.7 అయితే వేగం గంటకు 84 కిలోమీటర్లు. రోడ్డు తడిసి ఆ గుణకం 0.4కు తగ్గితే అదే చారకు వేగం 64 మాత్రమే! ట్రక్కు టైర్లకు గుణకం వేరుగా ఉంటుంది. కనుక ఆనాటి రోడ్డు స్థితిని చూపే ఒక ఛాయాచిత్రం వాదోపవాదాల కంటె విలువైనది.

రసాయనశాస్త్రమూ సాక్ష్యం చెబుతుంది. "దీపాలు వెలగలేదు" అన్న వాదన తరచుగా వినవస్తుంది. పాత తరహా బల్బు వెలుగుతుండగా గాజు పగిలితే, వేడి టంగ్‌స్టన్ తీగ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పసుపు తెలుపుల ఆక్సైడు పొడిగా మారుతుంది, తీగ సాగిపోతుంది. ఆరిపోయి ఉన్న బల్బు తీగ చల్లగా ఉండడంచేత పెళుసుగా విరుగుతుంది, మెరుపు కోల్పోదు. నేటి ఎల్.ఇ.డి. దీపాలకు ఈ పరీక్ష వర్తించదు. ఢీకొట్టి పారిపోయిన వాహనాన్ని గుర్తించడానికి అంటుకున్న రంగు పెచ్చులోని పొరలను పరారుణ వర్ణపట పరీక్షతో పోల్చి చూస్తారు.

అన్నిటికంటె ముఖ్యమైన సాక్షి ట్రక్కులోనే ఉంటుంది. ఇంజను కంప్యూటరు హఠాత్తుగా బ్రేకు వేసిన క్షణంలోని వేగాన్ని నమోదు చేయవచ్చును. డ్రైవరు పనిగంటలను ఎలక్ట్రానిక్ యంత్రం రాస్తుంది. కెనడాలో అధిక భాగాన దినానికి 13 గంటలకు మించి నడపరాదు. కాని ట్రక్కు మరల రోడ్డెక్కితే ఇంజను నమోదు చెరిగిపోవచ్చును. పనిగంటల రికార్డులను కంపెనీ 6 నెలలు ఉంచితే చట్టానికి చాలును. దావాకు గడువేమో సాధారణంగా 2 సంవత్సరాలు! హక్కు బ్రతికి ఉండగానే సాక్ష్యం మరణిస్తుందన్నమాట. వాటిని భద్రపరచవలసిందని న్యాయవాది వెంటనే లేఖ వ్రాయడం అందుకే అవసరం.

గడువులు గుర్తుంచుకోండి. మన బీమా సంస్థకు 7 రోజులలో తెలపాలి. ఎదుటి పక్షానికి 120 రోజులలో లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రోడ్డు నిర్వహణలో లోపమని నగరపాలక సంస్థపై దావా వేయదలిస్తే 10 రోజులలోనే తెలపాలి. ఆంటారియో లా సొసైటీ సిఫారసు సేవ ద్వారా న్యాయవాదితో 30 నిమిషాల వరకు ఉచితంగా సంప్రదించవచ్చును. గెలిస్తేనే ఫీజు అనే ఒప్పందాలూ ఇక్కడ చట్టసమ్మతమే; సంతకానికి ముందు శాతాన్నీ, ఇతర ఖర్చులనూ చదివి తెలుసుకోవాలి.

మనవారికి మరొక జంకు ఉంటుంది: "అయ్యో, క్షమించండి" అంటే తప్పు ఒప్పుకున్నట్లేనా? 2009 నాటి ఆంటారియో చట్టం ప్రకారం సివిల్ దావాలో క్షమాపణ తప్పుకు రుజువు కాదు. కాబట్టి మానవత్వం చూపడానికి వెనుదీయనక్కరలేదు. గాయపడినవారిని ముందు ఆదుకోండి. ఆపైన, మంచు కప్పేయకముందే ఆ చారలను ఫోటో తీయండి.