గంగజాతర అంగళ్లలో

తిరుపతి యనగానే మన సోదరీమణులకు కొండయు, కొండమీది దేవుడును తలపునకు వత్తురు. కాని ఊరివారి సొంత పండుగ కొండక్రిందనే కలదు. ఏటేట మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు వారము దినములు జరుగు జాతరయే యది. గంగమ్మ వేంకటేశ్వరస్వామికి చెల్లెలని యిచ్చటివారి నమ్మకము. అందుచేత దేవస్థానమువారు ఆమెకు సారె పంపుదురు. పుట్టింటి సారె వచ్చు పండుగయన్న ఆడువారికి వేరుగా చెప్పనేల?

స్త్రీలను చెరుచుచుండిన పాలెగాని వెదకి చంపుటకై అమ్మవారు దినమునకొక వేషము వేసెనని కథ. అందువలన మ్రొక్కుకొన్న పురుషులు బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషములు వేయుదురు. మీసములుగల మగవాడు చీర గట్టి, పూలు ముడిచి, గాజులు తొడిగి నడివీథిని నడచును. క్రొత్తగా వచ్చినవారు నవ్వుదురు. ఊరి ముసలమ్మలు మాత్రము నవ్వక నమస్కరింతురు.

జాతర దినమున, మంగళవారము సాయంకాలము, నేనును మా వదినెయు బయలుదేరితిమి. ఎండ యింకను తగ్గలేదు. వీథిమొగన నెవరో పుణ్యాత్ములు కుండలలో రాగి అంబలి పెట్టి పోయుచుండిరి. మజ్జిగయు, సన్నగా తరిగిన యెఱ్ఱగడ్డయు కలిపిన యా అంబలి రెండు లోటాలు త్రాగినపిమ్మట గాని మాకు కన్నులు తెరపు పడలేదు. తరువాత తోతాపురి మామిడిముక్కలు, ఉప్పుకారము చల్లినవి. చిత్తూరు ప్రాంతమువారికి మామిడిని గూర్చి వేరొకరు చెప్పవలసిన పని లేదు. అయినను కోసి యెండలో నుంచిన ముక్కలు కొనక, మన యెదుట కోయించుకొనుటయే మేలు. బొరుగులు, తాటిముంజలు, మిరపకాయ బజ్జీలు. బజ్జీలు బాణలినుండి దిగినవి దిగినట్లే తినవలయును. మా వదినె ఇంట నూనె వంటకము ముట్టదు. జాతరలో నాలుగు బజ్జీలు తిని, యైదవది నా చేతినుండి లాగికొనెను.

గాజుల అంగళ్లు దాటిన తరువాత, గోడవార, గోనెపట్టా పరచి పాత సామాను అమ్మునాతడు కూర్చుండెను. నిజము చెప్పవలయునన్న నేను జాతరకు పోవునది ఇందుకే. తాళము లేని చెవులు, చెవి లేని తాళములు, కుట్టు వీడిన పుస్తకములు, ఇత్తడి చెంబులు, కంచుగిన్నెలు గుట్టగా పడియుండెను.

ఆ గిన్నెల అంచులను చూచితిరా? వానిమీద చిన్న ఉలితో చుక్కచుక్కగా కొట్టిన పేరులుండును. పూర్వము పెండ్లికిచ్చిన ప్రతి పాత్రమీదను పిల్లపేరు కొట్టించెడివారు. విందులకు ఇరుగుపొరుగు పాత్రలు కలిసిపోయినపుడు గుర్తుపట్టుటకును, ఇది తన పుట్టింటిదని కోడలు గట్టిగా చెప్పుకొనుటకును అది సాధనము. పేరున ఇల్లుగాని, పొలముగాని లేని స్త్రీకి, తన పేరున్న ఆస్తి ఆ గిన్నెయే!

మా యమ్మకును అట్టి గిన్నెలు పదునొకండుండెడివి. తోముటకు కష్టమని, స్టీలు సామాను తళతళలాడునని, ఆమె పోయిన మరుసటి యేడే వానిని బరువుకు వేసి క్రొత్త డబ్బాలు తీసికొంటిని. అప్పుడు నన్నెవరును బలవంతపెట్టలేదు. నాటినుండి ఏ పాత సామాను అంగడి కనబడినను నిలిచి అంచులు చదువుదును. మా వదినె కిది తెలియును గనుక తొందరపెట్టక ప్రక్కన కూర్చుండెను.

అమ్మ పేరు దొరకలేదు. చేతికొక లోతైన కంచుగిన్నె వచ్చినది. దానిమీద వేరొకామె పేరును, ఊరి పేరును ఉండెను. ఆ పేరిచ్చట వ్రాయను. ఆమె వారెవరైన నుందురు గదా.

"కొట్టి చూడుమ్మా, గుడిగంట మాదిరి మోగుతాది" అనెను అంగడివాడు. అతడు చెప్పినది మంచి పరీక్షయే. రాగియు తగరమును కలిసిన కంచు మ్రోగును; బీటయున్నచో బొంగురుపోవును. కంచు క్రింద పడిన పగులును గనుక ఆ పరీక్ష తప్పక చేయవలయును. రాగియు తుత్తునాగమును కలిసిన ఇత్తడి అంతగా మ్రోగదు. ఇత్తడిలో వండదలచినవారు ముందుగా కళాయి పూయింపవలయును. లేనిచో చింతపండు పులుసు చిలుము పట్టి ఒంటికి చెరుపు చేయును.

ఆతడు 1,200 రూపాయలు చెప్పెను. నేను 800 అంటిని. బేరము తెగుచుండగా ఆతడు, "పేరు వద్దంటే ఆకురాయితో అరగదీసిస్తానులేమ్మా" అనెను.

నాకు మాట రాలేదు. మా వదినెయే, "ఏమీ గీకబాక నాయనా, అట్లే ఇయ్యి" అని 1,000 రూపాయలు లెక్కపెట్టి వాని చేత బెట్టెను. ఇంటికి వచ్చుదారిలో ఆ గిన్నెలోనే బొరుగులు పోయించుకొని యిద్దరమును తినుచు వచ్చితిమి.