కోనసీమ కాలవకు ఒక ఏడాది

నీటి వేగంతో చక్రం తిరిగి పిండి విసిరే మరలు కొండ ప్రాంతాల్లో వున్నాయి. నీరు ఎత్తునుంచి పడితేనే ఆ మర తిరిగేది. మన కోనసీమ చూస్తే బల్లపరుపు నేల. అటువంటి మరకు ఇక్కడ చోటు లేదు. అయినా నూట డెబ్బై ఏళ్ళుగా నీటితో నడుస్తున్న పెద్ద యంత్రం ఒకటి మనకూ వుంది. అదే ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలవలూను. రోజూ ఆ గట్ల మీదుగా కాలేజీకి వచ్చే మనలో ఎంతమందికి దాని పని తీరు తెలుసు?

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని స్థానంలో 1982 నాటికి 175 తలుపుల బ్యారేజీ వచ్చింది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకు, అంటే మన సీమకు, నీరు వదులుతారు. సుమారు రెండు లక్షల ఎకరాలకు ఆ నీరే ఆధారం. సాగు కాలవను మెరక మీదుగా తవ్వారు గనుక నీరు దానంతటదే చేలోకి దిగుతుంది. చేలో ఎక్కువైనది పల్లంలోని మురుగు కాలవలో పడి సముద్రానికి పోవాలి. గన్నవరం దగ్గర మరో వింత వుంది. అక్కడ కింద వైనతేయ నది, పైన కాలవ! 49 కమానుల పాత అక్విడెక్టు మీదుగానే రాజోలు వైపు నీరు వెళ్ళేది. తరవాత పక్కనే కొత్తది కట్టి, అన్నదానానికి పేరుపొందిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

ఇక యంత్రం సంవత్సరం జూన్‌లో మొదలవుతుంది. కాలవలు వదలగానే ఆకుమళ్ళు, ఆపైన సార్వా ఊడ్పులు. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. అప్పుడు బ్యారేజీ తలుపులన్నీ ఎత్తేస్తారు, లంకలు మునుగుతాయి. 1986 ఆగస్టు వరదను పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. చేను ఈనిక మీదో, కోత మీదో వుండగా వాన పడితే రైతు చూపంతా మురుగు కాలవ మీదే. డిసెంబరు నుంచి దాళ్వా. అప్పటికి నది సన్నబడుతుంది. సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలిన నీటి కోసం కూడా ఎదురు చూడాలి. చాలకపోతే వంతులవారీగా ఇస్తారు. లాకుల దగ్గర లస్కరుకు ఆ రోజుల్లో నిద్ర వుండదు. శివారు చేలకు అందిందా లేదా అన్నదే ఊళ్ళో మాట.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. అంతకు ముందే మంచినీటి చెరువులు నింపుకోవాలి. చూసేవాళ్ళకు అది సెలవులా కనబడుతుంది గాని, ఏడాదిలో అసలు పని అప్పుడే. పూడిక తియ్యాలి, గుర్రపుడెక్క, తూడు లాగెయ్యాలి, గండ్లు పూడ్చాలి, షట్టర్లు బాగుచెయ్యాలి. ఆ కొద్ది వారాల్లో చెయ్యనిది అక్టోబరులో చేలో నిలిచిన నీరై కనబడుతుంది.

2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. దేశమంతా ఆశ్చర్యపోయింది. నీళ్ళున్న సీమలో సేద్యం మానడమేమిటని! గిట్టుబాటు ధర లేదన్నారు, కూలి ఖర్చు పెరిగిందన్నారు. వాటితో పాటు గట్టిగా చెప్పిన మాట, మురుగు దిగడం లేదని. ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేయవలసి వచ్చింది. నీరు తెచ్చిపెట్టడం సగం పనే, దించడం మిగతా సగం అన్నది ఆ ఏడు నేర్పిన పాఠం.

మిత్రులారా! తలుపులు ఎత్తే రోజున గట్టు మీద అందరమూ వుంటాం. మే నెల ఎండలో ఎండిన కాలవ దగ్గర ఎవరూ వుండరు. మన ఊరి మురుగు కాలవ ఎక్కడ మొదలై ఎక్కడ సముద్రంలో కలుస్తుందో, దారిలో ఎక్కడ పూడిందో, ఎక్కడ ఆక్రమణ జరిగిందో యీ వేసవి సెలవుల్లో నడిచి చూద్దాం. చూసింది రాసి పంచాయతీకి, నీటిపారుదల శాఖకు ఇద్దాం. చదువుకున్న పిల్లలుగా ఊరికి మనం చెయ్యగల సాయం ఇది.