చికిత్సలోని చేదు

తెలుగులో ‘మందు’ అనే మాటకు రెండు ముఖాలున్నాయి. రోగాన్ని కుదిర్చేదీ మందే, పైరును తినే పురుగును చంపేదీ మందే. క్యాన్సర్‌కు చేసే కీమోథెరపీలో ఈ రెండర్థాలూ ఒకేచోట కలుస్తాయి. ఆ చికిత్సలో వాడే ఔషధాలు కణాలను చంపుతాయి. వ్యాధిని తగ్గించే గుణం, రోగిని బాధించే గుణం వాటిలో వేరువేరుగా లేవు. ఈ సంగతి తెలియక, జుట్టు రాలగానే, వాంతులు మొదలుకాగానే మందు వికటించిందని భయపడి చికిత్సను నడుమ విడిచిపెట్టేవారున్నారు. అప్పటికి నశించక మిగిలిన వ్యాధికణాలు మళ్ళీ విజృంభించడానికి అది అవకాశమిస్తుంది.

కణాలు పుట్టడం, విభజన చెందడం, నశించడం శరీరంలో నిత్యం జరిగే క్రమం. క్యాన్సర్ కణాలు ఆ కట్టుబాటు తప్పి అదేపనిగా విభజన చెందుతాయి. కీమోథెరపీ ఔషధాల్లో అధికభాగం విభజన దశలో ఉన్న కణాలనే దెబ్బతీస్తాయి. అయితే త్వరత్వరగా విభజన చెందే కణాలన్నీ చెడ్డవి కావు. వెంట్రుకల కుదుళ్ళు, నోటి నుండి పేగుల వరకు ఉన్న లోపొర, రక్తకణాలను తయారుచేసే ఎముక మూలుగ నిరంతరం కొత్త కణాలను పుట్టిస్తూనే ఉంటాయి. మందుకు స్వపర భేదం తెలియదు. అందుచేతనే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాలు తగ్గుతాయి.

ఈ చికిత్స చరిత్రలో ఒక తెలుగువాని పేరు చెప్పక తప్పదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో పనిచేశారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లమనే విటమినును కృత్రిమంగా తయారుచేసింది. కణవిభజనకు ఈ విటమిను అవసరం. దాని రూపాన్నే పోలి, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్ కూడా అక్కడే రూపొందింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని ల్యుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు మరణించినదీ ఆ సంవత్సరమే. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. దానిని అధిక మోతాదులో ఇచ్చినపుడు, నిర్ణీత సమయం గడిచాక ఫోలినిక్ ఆమ్లమిచ్చి మంచి కణాలను కాపాడతారు. ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి బంధువే ఇక్కడ విరుగుడు. ఏ పదార్థం ఏ మందుకు విరుగుడవుతుందో రోగికి తెలిసే విషయం కాదు. కనుక బలానికని విటమిను మాత్రలు గాని, నాటుమందులు గాని వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

వాంతులు ఒకనాడు రోగులను మిక్కిలి భయపెట్టిన బాధ. మందు తాకిడికి పేగులలోని కొన్ని కణాలు సెరటోనిన్‌ను విడుదల చేస్తాయి. అది నరాల ద్వారా మెదడుకు వాంతి సంకేతాన్ని పంపుతుంది. 1990 దశకం ఆరంభంలో వాడుకలోకి వచ్చిన ఆన్‌డాన్‌సెట్రాన్ ఆ సంకేతాన్ని అడ్డుకొంటుంది. దానిని వాంతి వచ్చాక కాదు, రాకముందే ఇస్తారు. ఇంటికి వెళ్ళాక ‘వస్తే చూద్దాం’ అని మాత్రను పక్కన పెట్టడం పొరపాటు. కడుపునిండా ఒకేసారి తినక, కొద్దికొద్దిగా పలుమార్లు తినడం మేలు. నోరు పూసినవారికి ఆవకాయ, మిరియాల చారు నిప్పులవంటివి. చల్లార్చిన జావ, మెత్తని ఇడ్లీ, పలుచని పప్పుతో కలిపిన అన్నం సుఖంగా దిగుతాయి. ఉప్పు, వంటసోడా కలిపిన నీటితో పుక్కిలిస్తూ ఉండాలి.

వీటన్నిటికంటె ప్రమాదకరమైనది కంటికి కనిపించదు. రాలిన జుట్టును చూసి ఇంటిల్లిపాదీ దుఃఖిస్తారు, తగ్గిన తెల్లరక్తకణాలను ఎవరూ చూడరు. చాలా మందుల విషయంలో, మందు ఎక్కించిన 7 నుండి 14 రోజుల మధ్య ఈ కణాలు అట్టడుగుకు చేరతాయి. రోగి పైకి కులాసాగానే ఉండవచ్చు. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా దానిని మామూలు జ్వరంగా భావించరాదు. అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి చేరాలి. వైద్యుణ్ణి అడగకుండా పారాసిటమాల్ వేసి చూడడం మరీ తప్పు. వేడి తగ్గుతుంది గాని, ఇన్‌ఫెక్షన్ లోలోపల పెరుగుతూనే ఉంటుంది. అందుచేత ఇంట్లో థర్మామీటరు, చేతికందేచోట ఆసుపత్రి ఫోను నెంబరు ఉండాలి. పలకరించడానికి బంధువులు బలగంగా రావడం మన ఆచారం. జలుబు, దగ్గు ఉన్నవారు ఆ ఆప్యాయతను ఫోనులో చూపితే రోగికి ఉపకారం చేసినట్లే. చిగుళ్ళ నుండి రక్తం కారినా, చర్మంపై ఎర్రని చుక్కలు కనిపించినా రక్తఫలకికలు తగ్గాయేమోనని అనుమానించి వెంటనే చెప్పాలి.

కొన్ని మార్పులకు భయపడనక్కరలేదు. డాక్సోరుబిసిన్ ఎర్రని మందు. దానిని ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం రక్తస్రావం కాదు. వాకిళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుండి లభించే విన్‌క్రిస్టిన్ వల్ల మాత్రం వేళ్ళు తిమ్మిరెక్కవచ్చు. ఈ బాధను దాచక చెబితే వైద్యులు మోతాదును సవరిస్తారు.

ఇక జుట్టు సంగతి. తిరుమలలో తలనీలాలు ఇచ్చిన స్త్రీ సంతోషంగా ఇంటికి వస్తుంది. అదే జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వస్తే ఆమె అద్దం చూడలేదు. మొదటిది తాను ఇచ్చినది, రెండవది తనను అడగకుండా పోయినది. అందుకే కొందరు రాలకముందే జుట్టును పొట్టిగా కత్తిరించుకుంటారు. అన్ని మందులకూ జుట్టు రాలదు. రాలేవాటికి సాధారణంగా రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. చికిత్స ముగిసిన కొద్ది వారాలకు చాలామందికి తిరిగి మొలకెత్తుతుంది. ఆ కొత్త జుట్టు కొందరికి మునుపు లేని ఉంగరాలు తిరిగి వస్తుంది.